చీటీ లేని పిందె

నీ ఇంటి వంటగది బల్ల దగ్గర్నుంచి,
జూన్ 12

చిరంజీవి చెల్లికి, ఆశీర్వాదాలు తర్వాత, ముందు తిట్లతో అక్క రాయునది.

నువ్వు రైలెక్కి నాలుగు రోజులైంది. నేను నీ ఇంట్లో అడుగుపెట్టి కూడా నాలుగు రోజులే. ఈ నాలుగు రోజుల్లో నేను ఊడ్చి పారేసిన చెత్తతో ఇంకో ఇల్లు కట్టొచ్చు. ముప్పై రెండేళ్ళు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా వార్డులు నడిపినదాన్ని. నా వార్డులో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చని పెద్ద డాక్టరే అనేవాడు. అలాంటిదాన్ని పట్టుకుని, రిటైరై ఖాళీగా ఉంది కదా అని, "ఆరు నెలలు ఇల్లు చూసుకో అక్కా" అన్నావు. చూసుకోడానికి ఇక్కడ ఇల్లెక్కడుందే? సాలెగూళ్ళ మధ్య నాలుగు గోడలున్నాయంతే.

ఫోను వద్దు, ఉత్తరాలే రాసుకుందామన్నావు. బాగానే ఉంది. ఫోనులో అయితే అయిదో నిమిషానికి కొట్లాట, ఆరో నిమిషానికి టప్పున పెట్టెయ్యడం. ఉత్తరంలో ఒకరు మాట్లాడినంతసేపూ రెండోవాళ్ళు నోరు మూసుకోక తప్పదు. పుట్టి బుద్ధెరిగాక నీకొచ్చిన మొదటి మంచి ఆలోచన ఇదే.

ఇక ఫ్రిజ్ మీద నువ్వు అంటించి వెళ్ళిన చీటీ సంగతి. "తోటకి నీళ్ళు పొయ్యి. ఇంకేమీ చెయ్యకు." ఆ రెండో మాట కింద రెండు గీతలు. ఊపిరాగిపోయేవాళ్ళని వెనక్కి లాక్కొచ్చినదాన్ని, నీ కుండీలో పుదీనాని ముట్టుకోడానికి పనికిరానన్నమాట. అవున్లే, "పెద్దదాని చేతిలో మొక్క బతకదు" అని అమ్మే అన్నదాయె. అందుకేగా పోయేముందు నాకు గాజులిచ్చి, గుమ్మడి గింజలు నీకిచ్చింది. గాజులైతే చావవు కదా.

ఆ గింజల డబ్బా తీశాను. పదకొండు గింజలున్నాయి. కిందటేడు నువ్వు టైఫాయిడ్‌తో మంచాన పడి పాదు పెట్టలేదు గనక అమ్మ గుమ్మడికి ఇవే ఆఖరి గింజలని, అయిదు నాటి ఆరు దాచమని డబ్బా మూత మీద కూడా రాశావు. ఈ ఇంట్లో చీటీ లేనిది నేనొక్కదాన్నే.

పక్కింటాయన్ని చూశాను, తాళాలు బాగుచేసే ఆయన్ని. ఆయన పెరడుతో పోలిస్తే నీది ఆపరేషన్ థియేటరు. పుచ్చిన దుంగలు, ఎండిన పుల్లలు, మోకాలెత్తు గడ్డి. "కాస్త శుభ్రం చేయించుకోవచ్చుగా అన్నయ్యగారూ" అంటే, "వాటిక్కూడా ఇల్లుండొద్దా అమ్మా" అన్నాడు. వేటికీ అని నేనడగలేదు. పాములకేమో.

చేతిలో మొక్క బతకని
నీ అక్క


గ్రంథాలయం నేలమాళిగ నుంచి,
జూన్ 26

అక్కగారికి నమస్కారాలు.

నా కొంపని ఇల్లు చేసినందుకు ధన్యవాదాలు. తిరిగొచ్చాక నా గరిటెలు, నా కళ్ళజోడు, నా చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కోడానికి ఓ పటం గీసి పెట్టు.

ఇక్కడ వరద నీళ్ళలో నానిన పుస్తకాలు నాలుగు వేలున్నాయి. బాగుచేసే బైండర్లం ముగ్గురం. ఆరినవాటిని పురుగులు తింటున్నాయి, పురుగులు వదిలినవాటిని బూజు తింటోంది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా జిగురూ కుంచే పలచటి కాగితం ముక్కలూ పెట్టుకుని, పురుగు తొలిచిన కన్నాలు ఒక్కొక్కటే మూస్తుంటాను. నిన్న ఒక్క పేజీలో నలభై మూశాను. ఆ పుస్తకం దేని గురించో తెలుసా? ధాన్యానికి పురుగు పట్టకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తలు.

గాజుల మాట మళ్ళీ ఎత్తావు. పద్నాలుగేళ్ళుగా మన ప్రతి పోట్లాటలోనూ ఆ గాజులు గలగలలాడుతూనే ఉన్నాయి. దాని గురించి నేనేమీ రాయను.

గుమ్మడి మాత్రం జాగ్రత్తే. ఇది నవ్వులాట కాదు. ఆ ఆకుపచ్చ చారల కాయ ఇంకెక్కడా లేదు. విత్తనాల కొట్లన్నీ తిరిగి చూపించాను, ఇలాంటిది మేమెప్పుడూ చూడలేదన్నారు. మనిద్దరం కాక, అమ్మ వదిలివెళ్ళినవాటిలో ప్రాణమున్నది అదొక్కటే. మనిద్దరి సంగతీ చూస్తూనే ఉన్నాం, కనీసం దాన్నైనా బతకనిద్దాం.

నీళ్ళు పొయ్యి. ఇంకేమీ చెయ్యకు. మూడో గీత కూడా గీశాననుకో.

నీ చెల్లి


నీ ఇంటి పెరటి మెట్ల మీద నుంచి,
జూలై 15

పుస్తకాల డాక్టరమ్మకి,

నువ్వు ఇంకేమీ చెయ్యొద్దన్నావు గనక పెద్దగా ఏమీ చెయ్యలేదు. పెరట్లో పడున్న ఎండు పుల్లలూ బోలు కాడలూ కట్టలు కట్టించి బయట పారేయించాను. గోడ వారన ఊరికే ఖాళీగా ఉన్న మట్టి మీద కంకర పరిపించాను, కాళ్ళకి బురద అంటకుండా. వెనక గోడకి కాస్త వైద్యం చేశాను. ఇప్పుడది అద్దంలా ఉంది. వచ్చి చూస్తే ఎవరింటి గోడా అని అడుగుతావు.

గుమ్మడి బ్రహ్మాండంగా మొలిచింది. పందిరి వేయించాను. తీగలు రోజుకి జానెడు చొప్పున పాకుతున్నాయి. పదకొండో పాదు మాత్రం కాస్త నీరసంగా ఉంది. పందిరి అందం పాడుచేస్తోందని దాని తీగని గోడ మీంచి అవతలకి తోసేశాను. పక్కింటాయన పెరటి అందానికి కొత్తగా వచ్చే లోటేమీ లేదు.

పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని పందిరి కింద ఓ చుట్టు చుట్టి వస్తున్నాను. నిజం చెప్పొద్దూ, బాగుందే. వార్డులో రౌండ్లు తిరిగినట్టే ఉంది, కాకపోతే వీళ్ళు మూలగరు, బెల్లు కొట్టరు, వీళ్ళ తాలూకు బంధువులు వచ్చి నామీద అరవరు. ఆకు వెనక్కి తిప్పి చూస్తే చిన్న మొగ్గలు కూడా కనిపించాయి. నా చేతిలో బతకదన్న మొక్క మొగ్గ తొడిగిందని అమ్మకి చెప్పే వీల్లేదు గనక నీకు చెప్తున్నాను.

అక్క


నేలమాళిగ నుంచి,
జూలై 29

అక్కా,

పదకొండో పాదు నీరసంగా ఉందా? పాపం. అయిదు నాటమన్నాను కదా, మీ ఆస్పత్రిలో అయిదు తర్వాత పదకొండే వస్తుందా? నీ చేతి మాత్రలు మింగిన రోగుల్ని తలుచుకుంటే ఇక్కడ నాకు చెమటలు పడుతున్నాయి.

ఆరు గింజలు డబ్బాలో భద్రంగా ఉన్నాయని ఒక్క ముక్క రాయి. అబద్ధమైనా సరే, నాలుగు రోజులైనా ప్రశాంతంగా జిగురు కాచుకుంటాను.

గోడకి వైద్యమంటే ఏమిటి, సున్నమేనా?

నీ చెల్లి


నీ పందిరి కింద నుంచి,
ఆగస్టు 17

చెల్లీ,

పదకొండూ నాటాను. ఏం? మందు సగం కోర్సులో ఆపేస్తే రోగం తిరగబెడుతుందని నేను ముప్పై రెండేళ్ళు పక్కవాళ్ళకి చెప్పాను, నాకు నేను చెప్పుకోనా? అయిదు నాటితే అయిదు కాయలు, పదకొండు నాటితే పదకొండు. డబ్బాలో దాస్తే గింజలు పిల్లల్ని పెట్టవు. గోడ గురించి అడిగావు. గోడ క్షేమం. దాని గురించి నువ్వు బెంగ పెట్టుకోనక్కర్లేదు.

పందిరి నిండా పూలే. మగపువ్వులు, ఆడపువ్వులు, ఆడపువ్వు వెనక గోలీకాయంత పిందె. చూడముచ్చటగా ఉంది. అయితే ఆ పిందె మూడో రోజుకి పసుపుపచ్చబడుతోంది, నాలుగో రోజుకి రాలుతోంది. ఇప్పటికి ఇరవై ఆరు రాలాయి. నీళ్ళు తక్కువా అంటే తక్కువ కాదు. ఎరువు వేశాను. ఆకు మీద మచ్చ లేదు, కాడకి తెగులు లేదు. తోటలో ఒక్క పురుగు లేదు, ఒక్క ఈగ లేదు. ఇంత ఆరోగ్యంగా ఉన్న తోట ఈ వీధిలోనే లేదు. పొద్దున్నే చెవి రిక్కించి విన్నా చప్పుడుండదు.

కాబట్టి లోపం నీ గింజల్లోనే ఉంది. రెండేళ్ళనాటి గింజలు డబ్బాలో మగ్గబెట్టి నా నెత్తిన వేశావు. తీరా కాయకపోతే "చూశావా, అమ్మ అననే అంది" అనొచ్చు కదా.

రోజూ రాలినవాటిని ఏరుతున్నాను. ఈ పని నాకేం బాగోలేదు.

అక్క


నేలమాళిగ నుంచి,
ఆగస్టు 25

అక్కా,

ఒక్క ఈగ లేదు అని గొప్పగా రాశావు చూడు, అది చదివి కుంచె కింద పడేశాను.

గుమ్మడిలో మగపువ్వు పుప్పొడి ఆడపువ్వులోకి కాళ్ళు తొడుక్కుని నడిచి వెళ్ళదు. ఎవరో మోసుకెళ్ళాలి. పెట్టెల్లో పెట్టి పెంచే తేనెటీగలు కాదు, వాటి ముఖం మన వీధి ఎప్పుడూ చూడలేదు. మన పెరట్లోనే కాపురముండే ఈగలు. పట్టు కట్టవు, తేనె దాచవు, అందుకే వాటినెవరూ లెక్కచెయ్యరు. ఒంటి మీద నీలం చారలుంటాయి. వాటి అసలు పేరు నాకూ తెలీదు, అమ్మ "గోడ ఈగలు" అనేది. గోడ కన్నాల్లో కొన్ని, బోలు కాడల్లో కొన్ని, ఖాళీ మట్టిలో బొరియ చేసుకుని కొన్ని. ఎండు దుంగ తొలుచుకుని ఉండే నల్ల తుమ్మెదలు వేరే. తెల్లారీ తెల్లారకముందే పువ్వులోకి దిగి, ఒళ్ళంతా పసుపు పూసుకుని, పక్క పువ్వులోకి పోతాయి. పదింటికల్లా పువ్వు ముడుచుకుంటుంది. ఇన్నేళ్ళూ ఆ తోటకి నేను చేసిందేమీ లేదు, చేసిందంతా అవే. అందుకే ఇంకేమీ చెయ్యకు అని రాశాను. ఎందుకో రాయలేదు, ఫ్రిజ్ మీద చోటు చాల్లేదు. పైగా గోడని ఏమీ చెయ్యకు అని ఏ మనిషైనా ఏ మనిషికైనా చీటీ రాసిపెడతాడా?

ఎండు పుల్లలు పారేశానన్నావు. ఖాళీ మట్టి మీద కంకర పోశానన్నావు. ఇక గోడ. నేనడిగింది సున్నమా అని. నువ్వు గోడ క్షేమం అని రాశావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆ వైద్యమేమిటో చెప్పు.

ఈలోపు ఒక పని చెయ్యి. పొద్దున్నే ఆరింటికి మగపువ్వు కోసి, రేకలు తుంచేసి, మధ్యలో పుప్పొడి కాడని ఆడపువ్వు లోపల మెల్లగా రాయి. అంతే. చిన్నపిల్లలు కూడా చేస్తారు.

నీ చెల్లి


నీ పందిరి కింద నుంచి,
సెప్టెంబర్ 4

చిన్నపిల్లలు కూడా చేసే పని చేసిన అక్క రాయునది.

చేశాను. కానీ పువ్వుని పువ్వుకేసి రుద్దడం లాంటి మొరటు పనులు నా వల్ల కాదు. ఏది చేసినా పద్ధతిగా చెయ్యాలి. స్నానం చేసి, టిఫిను తిని, తొమ్మిదిన్నరకి చేతులకి గ్లోవ్స్ తొడుక్కున్నాను. పట్టకారుకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి శుభ్రం చేసి, దాంతో మగపువ్వు పుప్పొడి అద్ది ఆడపువ్వుకి పెట్టాను. పువ్వు పువ్వుకీ కొత్త దూది, కొత్త స్పిరిట్. ప్రతి పిందె కాడకీ చీటీ కట్టాను. నంబరు, తేదీ, టైము, కింద నా సంతకం. పద్దెనిమిది. మా ఆస్పత్రిలో కూడా రికార్డు ఇంత చక్కగా ఉండేది కాదు.

పద్దెనిమిదీ రాలాయి, చీటీలతో సహా.

మిగిలింది అయిదారు మొగ్గలు. నువ్వు చెప్పిన మాటల్లో ఏదో తేడా ఉంది, లేకపోతే నా చేతిలోనే ఉంది.

అక్క

తాజా కలం: గోడ సంగతి. ముప్పై ఎనిమిది కన్నాలు. ఏవో ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి. వంటగదికి పదడుగుల దూరంలో అన్ని కన్నాలు, అన్ని పురుగులు. నాకు ఇన్ఫెక్షన్ కనిపించింది, ఇల్లు కనిపించలేదు. సిమెంటుతో మూసేశాను, ముప్పై ఎనిమిదీ. నువ్వు అక్కడ కూర్చుని రోజుకి నలభై కన్నాలు మూస్తే అది కళ, నేను మూస్తే నేరమా?


నేలమాళిగ నుంచి,
సెప్టెంబర్ 11

స్పిరిట్‌తోనా అక్కా? పుప్పొడి ప్రాణమున్న వస్తువు. దాన్ని స్పిరిట్‌తో చంపి, చచ్చినదాన్ని తీసుకెళ్ళి పువ్వుకి అద్ది, కింద సంతకం కూడా పెట్టావు. తొమ్మిదిన్నరకి, పువ్వు ముడుచుకునే వేళకి. చీటీలు మాత్రం భలే కట్టావు.

పుస్తకంలో నేను మూసే కన్నాల్లో ఎవరూ ఉండరు. నువ్వు మూసినవాటిలో ఉన్నారు.

ఒక్క గింజ కూడా మిగల్చలేదు. ఇంక అమ్మ గుమ్మడి లేదు. అమ్మ ఊరికే అనలేదు అక్కా, నీ చేతిలో మొక్క బతకదు. దీనికి జవాబు రాయకు.


నీ ఇంటి నుంచి,
సెప్టెంబర్ 27

చెల్లీ,

జవాబు రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి ఊరుకుంటాను.

నిన్న పొద్దున పక్కింటాయన్ని సుత్తీ సన్నటి ఉలీ అడిగి తెచ్చుకున్నాను. "దేనికమ్మా?" అన్నాడు. గోడకి ఆపరేషన్ అన్నాను. ఆయన నవ్వలేదు. మొదటి కన్నం తెరవడానికి పావుగంట పట్టింది, నేను మంచి సిమెంటే వాడాను. లోపల వేలి పొడుగున దారి. దాంట్లో వరసగా మట్టితో కట్టిన గదులు, ఒక్కో గదిలో ఒక్కో ఈగ. రెక్కలొచ్చేశాయి. నువ్వు రాసిన నీలం చారలు కూడా వచ్చేశాయి. తల్లి పెట్టిన మట్టి తలుపు కొరుక్కుని బయటికి రాబోయి, నా సిమెంటు తగిలి ఆగిపోయాయి. అన్నిటి తలలూ బయటి వైపే ఉన్నాయి. ముప్పై ఎనిమిదీ తెరిచేసరికి సాయంత్రమైంది.

నేను పదకొండేళ్ళు పురిటి వార్డులో చేశాను, నీకు తెలుసు. ఆ వార్డు తలుపుకి బయట గడియ వెయ్యనిచ్చేదాన్ని కాదు. ఒకసారి వాచ్‌మన్ పొరపాటున వేశాడని వాణ్ణి ఆ అంతస్తు నుంచే పంపించేశాను. అలాంటిదాన్ని.

అరవై రెండేళ్ళదాన్ని, చేతిలో సుత్తి పట్టుకుని కంకర మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత కంకర కూడా ఎత్తి పోశాను, ఇప్పుడు ఎవరికి ఉపయోగమో తెలీదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పందిరి మీద ఇంక ఆడపువ్వులు లేవు. ఆకులు ఎండుతున్నాయి. అమ్మ సరిగ్గానే అంది, నువ్వూ సరిగ్గానే రాశావు. అమ్మది అని మిగిలినదాన్ని నా చేతులతో అయిపోగొట్టాను. నువ్వొచ్చే ముందురోజు నేను వెళ్ళిపోతాను, తాళం పక్కింటాయనకిస్తాను. గాజులు తీసి నీ అల్మరాలో పెట్టాను. అవి కూడా నువ్వే ఉంచుకో.

అక్క


నేలమాళిగ నుంచి,
అక్టోబర్ 6

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చించేశాను. ఇక్కడ కాగితానికి కొదవ లేదు గనక సరిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

అమ్మ ఆ మాట అనలేదు.

నీ చేతిలో మొక్క బతకదని అమ్మ ఎప్పుడూ అనలేదు. నేనన్నాను. ఆఖరి రోజుల్లో అమ్మ ఆ డబ్బా నా చేతిలో పెట్టి, "సగం అక్కకివ్వు. దానిది రోజంతా రోగులతో ఉద్యోగం, పొద్దున్నే చూసుకోడానికి పచ్చటిది ఏదో ఒకటుండాలి" అంది. గాజులు నీకివ్వమన్నది నిజమే. నువ్వు ఎక్కువ చాకిరీ చేశావనే ఇచ్చింది, నీ చేతులు మంచివి కావని కాదు.

సగం నేనివ్వలేదు. ఎందుకంటే ఏం చెప్పను? అందరూ నీ మీదే ఆధారపడేవాళ్ళు. ఎవరికి జ్వరమొచ్చినా నువ్వే, ఎవరు పోయినా నువ్వే. అమ్మ గాజులు కూడా నీ చేతికే. ఒక్కటి, పూర్తిగా నాదే అయినది ఒక్కటి కావాలనిపించింది. నువ్వెప్పుడైనా వాటా అడుగుతావేమోనని భయమేసి, అడక్కుండా ఉండే మాట ఒకటి కనిపెట్టి అమ్మ నోట్లో పెట్టాను. నువ్వు వెంటనే నమ్మేశావు. అంత తొందరగా నమ్ముతావనుకోలేదు. తర్వాత ప్రతి పోట్లాటలోనూ నువ్వే దాన్ని ఎత్తుతుంటే, నిజం చెప్పడానికి ఒక్కో ఏడాదీ ఆలస్యమైపోయింది.

మొన్న కోపంలో మళ్ళీ అదే మాట రాశాను. నా అబద్ధాన్ని నేనే నమ్మేంత దూరం వచ్చాను చూడు.

సగం నీకిచ్చి ఉంటే నీ బాల్కనీలో ఓ పాదుండేది. ఇవాళ నా దగ్గర పోయినా నీ దగ్గర మిగిలేది. అమ్మ గుమ్మడిని అయిపోగొట్టింది నీ సిమెంటు కాదు అక్కా.

తిట్టు. ఫోను చేసైనా తిట్టు.

చెల్లి


నీ పెరట్లోంచి, గోడకి రెండువైపుల నుంచీ,
నవంబర్ 3

అబద్ధాలకోరు చెల్లికి, ఒక చేత్తో ఆశీర్వదిస్తూ ఇంకో చేత్తో మొట్టికాయలు వేస్తూ అక్క రాయునది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువొచ్చింది. మూడోసారి కళ్ళజోడు తుడుచుకోవడమే సరిపోయింది. పద్నాలుగేళ్ళు! మొక్కల నర్సరీ ముందు నుంచి పోవాల్సొస్తే అటువైపు మనది కాదన్నట్టు తల తిప్పుకుని పోయేదాన్ని. రిటైరైన రోజున వార్డు పిల్లలందరూ కలిసి కుండీలో మొక్క బహుమతిగా ఇస్తే, ఆయా చేతిలో పెట్టి బస్సెక్కాను, పాపం అదైనా బతుకుతుందని. కోపం పోయిందని రాయను, పోలేదు. ఫోనులో తిట్టమన్నావు. అంత తేలిగ్గా వదులుతానా? వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరమొచ్చిన నాలుగో రోజు పక్కింటాయన తలుపు కొట్టాడు. "అమ్మా, మీ కాయ మా వైపు పండింది. కోసుకుంటారా, ఇంకొన్నాళ్ళు ఉంచమంటారా?" అన్నాడు. నాకు కాయలెక్కడివయ్యా అనుకుంటూ వెళ్ళాను. పదకొండో పాదు! నువ్వు నాటొద్దన్నది, నేను అందం చాల్లేదని గోడ అవతలకి తోసేసినది. దాని తీగ ఆయన పుచ్చు దుంగ మీదుగా పాకి, గడ్డిలో దూరి, విరిగిన కుర్చీ ఒకటుంటే దాని మీదికెక్కింది. ఆ కుర్చీలో కూర్చునుందే గుమ్మడికాయ, ఆకుపచ్చ చారలతో, ఇంటికి పెద్దలాగా. రెండు చేతులా ఎత్తబోతే లేవలేదు.

ముందు తొడిమ దగ్గర చూశాను. అలవాటు కదా. చీటీ లేదు. నంబరు లేదు, టైము లేదు, నా సంతకం లేదు. "ఎవరు చేశారండీ దీనికి?" అన్నాను. ఆయన దుంగ వైపు చూపించాడు. బొటనవేలు పట్టేంత కన్నం. అందులోంచి నల్ల తుమ్మెద ఒకటి తల బయటపెట్టి, నన్ను చూసి టక్కున వెనక్కి పోయింది. ఆ వాడలో నా పేరు బాగానే పాకినట్టుంది. పిందె పట్టింది ఆగస్టులోనేట. "మరి అప్పుడే చెప్పొచ్చుగా అన్నయ్యగారూ, నేను రోజూ రాలినవి ఏరుకుంటూ చచ్చాను కదా" అంటే, ఆయన కాసేపు తాళం చెవుల గుత్తి సవరించుకుని, "చెబితే ఇటొచ్చి శుభ్రం చేస్తారేమోనని భయపడ్డానమ్మా" అన్నాడు. నిజమే, చేసేదాన్నేనని ఒప్పుకున్నాను. నా జీవితంలో ఇది రెండోసారో మూడోసారో.

కాయ కోశాం. గింజలు కడిగి ఆరబెట్టాను, స్పిరిట్ ముట్టుకోలేదు. రెండు వందల పన్నెండున్నాయి. నూట ఆరు నీ డబ్బాలో పోశాను. నూట ఆరు నా మందుల డబ్బాలో పోసుకున్నాను. అమ్మ చెప్పినట్టే సగం, పద్నాలుగేళ్ళు ఆలస్యంగా. గాజులు నీ అల్మరాలోంచి తీసి మళ్ళీ తొడుక్కున్నాను. అమ్మ సగమివ్వమన్నది గింజల్లో, గాజుల్లో కాదు.

నువ్వొచ్చే ముందురోజు వెళ్ళిపోతానని రాశాను. మానేశాను. నిన్ను తిట్టడానికి ఒక్క రోజు చాలదు, పాదు పెట్టే కాలం దాకా ఉంటాను. నీ చెప్పులు ఎక్కడ పెట్టానో నాకూ గుర్తులేదు.

ఇంకోటి. గోడ అలాగే కన్నాలతో ఉంది. ఊడవడం లేదు, ముట్టుకోవడం లేదు. అయితే ఊరికే ఉండలేను కదా, కన్నం కన్నానికీ పక్కన చిన్న చీటీ అంటించాను, మంచం నంబర్లు, ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా. నెల రోజులుగా వార్డు ఖాళీ. ఆరింటికి లేచి కాఫీ కూడా పెట్టుకోకుండా గోడ ముందు నిలబడుతున్నాను. నిన్న పొద్దున ఒక నీలం చారల ఈగ వచ్చింది. గోడంతా రెండుసార్లు తిరిగింది. నేను ఊపిరి బిగబట్టి కదలకుండా నుంచున్నాను. పోయింది. అయిపోయిందనుకున్నాను. మళ్ళీ వచ్చింది, ఈసారి కాళ్ళకి తడి మట్టి అంటించుకుని. ఇరవై మూడో నంబరులోకి దూరింది.

రికార్డు రాయకపోతే నాకు చెయ్యి ఆడదు. ఇరవై మూడు పక్కన చీటీ మీద తేదీ వేశాను, ఉదయం ఆరూ పది అని టైము వేశాను. సంతకం చోటు ఖాళీగా వదిలేశాను.

నీ అక్క